నలభై ఐదు

ఫిర్యాదు మీద పేరు లేదు.
వీధి ఉంది, వేళ ఉంది:
తెల్లవారుజామున నాలుగూ పది.
అక్షరాలు చూస్తే
బడికి ఎక్కువ రోజులు వెళ్లిన చెయ్యిలా లేదు.

పోర్చుగల్ తీరంలో చిన్న రేవు మాది.
పురపాలక సంఘంలో నా ఉద్యోగం, వినడం.
జీతమిచ్చి మరీ వినమంటారు,
విన్నదాన్ని అంకెలో పెట్టమంటారు.

ఆఫీసు గోడ మీది పటంలో ఊరికి మూడు రంగులు.
కార్ఖానాలు ఊదా,
రాత్రిపూట అరవై ఐదు దాకా చెల్లు.
అంగళ్లు ఎరుపు, వాటికి యాభై ఐదు.
ఇళ్లు పసుపు. నలభై ఐదు,
అంటే ఫ్రిజ్ గొణుగుడూ
గోడవతల ఎవరో పక్క మీద దొర్లడమూ.
అది దాటితే జరిమానా.

చేపల డబ్బాల వీధి నిరుటిదాకా ఊదా.
పదకొండు కార్ఖానాల్లో పది మూతబడ్డాయి,
వాటి గోడలకే బాల్కనీలు మొలిచాయి.
ఓ మంగళవారం సమావేశంలో చేతులెత్తారు,
వీధి పసుపైంది.
మిగిలిన ఒక్క కార్ఖానాకీ
ఆ సంగతి ఉత్తరంలో తెలిసింది.

దానికింకా కూత ఉంది.
పడవలు నిండుగా వస్తే కూస్తుంది,
ఖాళీగా వస్తే నోరెత్తదు.

చలిలో ముక్కాలి స్టాండు నిలబెట్టి
మీటరుకి స్పాంజి టోపీ తొడిగాను.
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.
అది సముద్రం.
నాలుగూ పదికి
డెబ్బై మూడు.

కూత ఆగకముందే
ఎదుటి పాత ఇంట్లో, కింది వాటాలో దీపం వెలిగింది.
బాల్కనీల వాళ్లెవరో రాసుంటారనుకున్నాను.
తలుపు తీసింది దెయోలిందా,
నైటీ మీద రబ్బరు ఏప్రాన్ కట్టుకుని.
నేను అడక్కముందే చెప్పింది, "నేనే రాశా."

"పదకొండు కూతలూ దేని గొంతు దానిదే బాబూ.
ఒకటి ఎద్దు రంకె,
ఒకటి ముక్కు దిబ్బడేసిన పిల్లాడి ఏడుపు.
నిద్రలోనే పోల్చుకునేవాళ్లం.
మనది కాకపోతే అటు తిరిగి పడుకోవడమే.
మాది ఇదిగో, ఇప్పుడు విన్నావే, అది.
పన్నెండో ఏట పట్టుకుంది నన్ను.
పని మాని పందొమ్మిదేళ్లు.
నాకు తెలుసు. నా కాళ్లకి చెప్పేదెవరు?
అది కూసేసరికి నేల మీదుంటాయి.
రెండుసార్లు గేటు దాకా వెళ్లిపోయా.
కాపలా కుర్రాడు ఏమీ అనలేదు, జాలిగా చూశాడు.
ఆ చూపు కొలిచే మీటరుందా నీ దగ్గర?"

నా ఫారంలో గళ్లు మూడే:
ఉండదగిన మోత, ఉన్న మోత, తేడా.
తేడా ఇరవై ఎనిమిది అని రాశాను.
ఆమె ఇచ్చిన కాఫీ
అప్పటికే చల్లారింది, అయినా తాగాను.

మేనేజరు క్వరెజ్మా వాదించలేదు.
"ఫోన్లకి మెసేజి పెడతాంలే" అన్నాడు.
నిచ్చెనేసుకుని తనే ఎక్కి
ఇత్తడి కూతగొట్టం విప్పి
నూనెగుడ్డలో చుట్టి బీరువా మీద పడుకోబెట్టాడు.
అరచేతికి అంటిన మసిని
చాలాసేపు తుడుచుకోలేదు.

పదిహేను రోజులకి మళ్లీ చూడాలి, అది నియమం.
అదే స్టాండు, అదే చోటు.
నాలుగూ పదికి ఏ ఇంట్లో ఏ ఫోను వణికిందో
మీటరుకి అందలేదు.
గొళ్లాలు తీసిన చప్పుడు,
ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, రబ్బరు బూట్లు.
పడవల వెనకాలే తెల్లపిట్టల గుంపు,
కవళ్ల కోసం కొట్టుకుంటూ:
యాభై తొమ్మిది.
పిట్టలకి నోటీసిచ్చే అధికారం నాకు లేదు.

అవి చేపలపాక వైపు వాలాక
వీధి తగ్గింది, ముప్పై ఎనిమిదికి.
కింది వాటాలో దీపం
నేను వచ్చేటప్పటికే వెలుగుతోంది.
కిటికీ రెక్క సందులోంచి
ఆమె గొంతు:
"నిండుగా వచ్చాయా, ఖాళీగానా?"

"నిండుగా" అన్నాను.

పక్కన ముల్లు కదిలింది, నలభై ఏడు.
రెండు ఎక్కువ.
నేను రాసుకోలేదు.
దీపం ఆరింది.