పన్నెండో నంబరు

సిరోంచ ఆశ్రమశాల, వెనుక గది.
పందొమ్మిది కంప్యూటర్లు,
ఒక్కింట్ల పుట్టినయి కావు.
ఆరు నాగపూర్ బ్యాంకు పారేసినయి,
నాలుగు వంతెన దాటి మంచిర్యాల నుంచి ఆటోల వచ్చినయి,
మిగిలినయి ఎవలిచ్చిన్రో రిజిస్టర్ల లేదు.
కొన్నిట్ల ఉబుంటు, కొన్నిట్ల ఫెడోరా,
కిటికీ పక్కదాంట్ల హాస్టల్ పిలగాడెవడో
పట్టుబట్టి ఎక్కించిన ఆర్చ్.
వాడు పది పాసై పోయిండు,
పాస్‌వర్డు వాని వెంటనే పోయింది.
పెన్‌డ్రైవ్ పెట్టి తాళం తీసుడుకే నాకొక పొద్దు పట్టింది.

అన్నిట్ల లెక్కల పాఠాలు ఎక్కియ్యాలె. సోమవారం తనిఖీ.
ఒక్కొక్కదాని ముందట కూసుంటే మూడు దినాలు,
అదీ కరెంటుంటే.
అందుకే స్క్రిప్టు రాసిన,
బానయ్య కిరాణం ముందటి బల్ల మీద.
అక్కడైతే సిగ్నల్ రెండు గీతలు.

రాస్తుంటే లారీ డ్రైవరొచ్చి
"మీఠ్, ఏక్ కిలో" అన్నడు.
బానయ్య ఉప్పు తూచిండు.
పోయినేడు కొత్తగ కుదిరిన జమ్మికుంట పిలగాడు
గదే మాటకు బెల్లం కట్టిచ్చిండు.
ఆ దినం చేపల పులుసు ఎట్లయిందో
ఆ ఇంటోళ్లకే తెలుసు.

నవ్వొచ్చింది, మళ్ల రాతల పడ్డ.
ఉబుంటుల అపాచీ2 అంటరు,
ఫెడోరాల అదే సరుకు హెచ్‌టీటీపీడీ.
అడిగే తీరు సుత వేరు:
ఒకచోట ఆప్ట్, ఒకచోట డీఎన్‌ఎఫ్,
పాక్‌మ్యాన్ అంటె గాని కిటికీ పక్కది తల తిప్పదు.

కాబట్టి మొదటి వరుస: నువ్వెవలు?
ప్రతి పెట్టెల ఒక చిన్న ఫైలుంటది,
గుమ్మం మీది పేరు లెక్క.
అది చదువు. పేరును బట్టి మాట మార్చు.
ఏ పేరుకూ కలవకపోతే
"తెలువదు" అని రాసి బయటికి రా.
ఆ ఆఖరి వరుస రాసెటప్పుడు
నా చెయ్యి ఒక్క గడియన్న ఆగలే.

శనివారం రాత్రి.
అహేరి బస్సుల తెచ్చిన హార్డ్‌డిస్కుల ప్యాకేజీలన్నీ ఉన్నయి.
తలండి బిచ్చు టేబుళ్ల కింద దూరి
టార్చి లైటుతోని వైర్లు చూస్తున్నడు.
ఒకటి అయింది, రెండు, ఏడు, పదకొండు.
పన్నెండు కాడ ఎర్రటి అక్షరాలు:
తెలువదు.

బిచ్చు లేచి, మోకాళ్లు దులుపుకొని, తెర దిక్కు చూసిండు.
"ఫారం పట్టుకొని ఒక సారొచ్చిండు మా ఊరికి.
అమ్మను మరాఠీల అడిగిండు, తెలుగుల అడిగిండు.
అమ్మ మాడియల చెప్పింది.
'ఇతర' అని రాసుకొని పక్కింటికి పోయిండు.
మూడు సంతల బాకీలు అమ్మకు నోటికొస్తయి, సర్.
గది అడగలే."

నేనేం అనలే. దోమ కుట్టింది, కొట్టుకున్న.
తర్వాత ఆఖరి వరుస తీసేసిన.
పేరు అడుగుడు బంద్‌ పెట్టి
ఏమొచ్చో అడుగుమని రాసిన.
ఆప్ట్ వస్తదా? రాదు.
డీఎన్‌ఎఫ్? రాదు.
పాక్‌మ్యాన్? ఊహు.
జిప్పర్?
వస్తదన్నది.
ఎవలో పేరు తుడిచేసిన పాత ఓపెన్‌సూసె అది,
ఇన్ని దినాలు మూలకు, అట్ట కప్పుకొని.

గీత మెల్లగ నిండుకుంట పోతున్నది,
నలభై, డెబ్బై రెండు, తొంభై ఒకటి,
కరెంటు పోయింది.

బిచ్చు టార్చి సుత ఆర్పిండు, సెల్లు అయిపోతయని.
చీకట్ల కూసున్నం ఇద్దరం.
"మీ అమ్మ ఉప్పునేమంటది?" అడిగిన.
చెప్పిండు.
నేను పలికిన. కాదన్నడు.
మళ్ల పలికిన.
మూడోసారికి నవ్విండు,
ఒప్పయిందనో, మరీ తప్పయిందనో.