మెత్తటి నేల

వెర్మెల్ చేతిలో సన్నటి ఇనుప చువ్వ.
గట్టిగా తగిలితే ఉత్త నేల.
మెత్తగా దిగితే
మనిషి.

కరోలినా ఉప్పుటేటి ఒడ్డున, ఓక్ చెట్ల కింద
ముప్పై ఏడో జెండా గుచ్చి
"ఎవరివమ్మా నువ్వు?" అంటుంది
పక్కింటావిడని పలకరించినట్టు.

దొర లెక్కల పుస్తకంలో
తవ్వెడు ధాన్యానికీ పద్దుంది,
చచ్చిన కంచరగాడిదకి పేరుంది.

గుంటల మీద గవ్వలు, పగిలిన పింగాణీ కప్పు,
అన్నీ తెల్లనివే.
నీళ్ల అవతలికి దారి కనబడాలని.

కంచె దాటి గోల్ఫ్ బంతి ఒకటి
దొర్లుకుంటూ వచ్చి ఒక గుంటలో ఆగింది.
అవతల ఎవరో టోపీ ఊపుతున్నాడు.
మనవడు ట్రెవాన్ తీసి విసరబోయాడు.
"ఉండనీరా" అంది వెర్మెల్,
"తెల్లగానే ఉందిగా."

చువ్వ కొంగుకి తుడుచుకుని
ఇంకో అడుగు జరిగింది.