ఫొటోలో ఎనకాల

పొద్దున్న ఐదుకి ముందే బీచిరోడ్డుకి అడ్డాలెట్టెత్తారు,
కార్లు రాకండా.
అప్పుడా రోడ్డు మాది.
నడకబాబులు బూట్ల తాళ్ళు కట్టుకునే లోపే
నానూ అసిరీ లోవరాజూ
కాళీగుడి కాడనుంచి సబ్‌మెరైన్ దాకా
సీసాలన్నీ ఏరెత్తాం.
నీళ్ళు మిగిలిన సీసాలు వేరే గోనిలో.
తాగడానికి కాదు, మొకాలకి.
సముద్రంలో కడిగితే మొకం తెల్లగా పొట్టు లెగుస్తాది,
సాయంత్రం బేరం తగ్గుతాది.

ఎండెక్కితే పూర్ణా మార్కెట్టు.
ఉల్లిబస్తాలు దింపినకాడ పొట్టు తుడిత్తే ఇరవై,
కిందపడి మెత్తబడ్డవి మావే.
లోవరాజుని అక్కడొక షావుకారు పేరెట్టి పిలుస్తాడు.
మిగతావోళ్ళు “ఒరే గుంటా” అంటారు.
పేరెట్టి పిలిసిన రోజు ఆడు రెండు గంపలు ఎక్కువ మోస్తాడు.
ఎర్రోడు.

మొన్న ఒక అక్కొచ్చింది, మెళ్ళో కార్డుతో.
కాగితాలు పంచి, “ఎవరి బొమ్మ వాళ్ళు గీయండి” అన్నాది.
అసిరి వోడ గీసింది.
మరి ఇందులో నువ్వేవమ్మా అంటే
“లోపల్నున్నాను, ఇంజను కాడ.”
లోవరాజు కాళ్ళూ పొట్టా గీసేసరికి కాగితం అయిపోనాది.
తలకాయకి ఇంకోటడిగితే
ఒక్కొక్కరికి ఒకటే అన్నాది.

నాను గియ్యనేదు.
నా ఫొటోలున్నాయన్నాను.
“ఎక్కడ?”
రాయపూరోళ్ళింట్లో. కలకత్తాలో.
బరంపురంలో కొత్తపెళ్ళోళ్ళ గోడమీద.
సాయంత్రం బూరలమ్ముతాను కదా,
కెరటం ముందు ఆళ్ళు నిలబడితే ఎనకాల నానుంటాను.
కొందరు జరగమంటారు. జరుగుతాను.
ఎంత జరిగినా, గాలుంటాది కదా,
ఒక ఎర్రబూర లోపలికొచ్చెత్తాది.
ఆ బూర తాడు పట్టుకున్నది నానే.

అక్క నవ్విందో నేదో, ఏటో రాసుకున్నాది.
ఏటి రాసేవంటే “వీధి బాలుడు” అని సదివింది.
సరే.
రోడ్డు మాదని నానే సెప్పినాను కదా,
ఏడున్నర దాకా.

రాత్రి జాలరిపేట పడవల మజ్జిన పడుకుంటాం.
వల కప్పుకుంటే సలాగదు, దోమా ఆగదు,
అయినా కప్పుకుంటాం.
డాల్ఫిన్‌నోసు మీద దీపం తిరుగుతా తిరుగుతా
మా మీదకొచ్చి ఎలిపోతాది,
ఫొటో తీసినట్టు.
“అది వోడలకిరా పిచ్చోడా” అంటాడు లోవరాజు, కళ్ళు తెరవకండా.
అసిరి మాత్రం లెగిసి కూకుని
దువ్వెనుందా అని అడుగుతాది.