లోడు మీద సూడాలె

చందంపేట దిక్కు ఒక పెండ్లి.
తలంబ్రాలు దోసిట్ల లేశినయ్, నేను నొక్కిన.
లైటు కొట్టలే.
ఇంకోసారి నొక్కిన,
పెట్టె కుయ్‌మని ఊకున్నది.
కెమెరాల పడ్డది చీకటి,
ఆ చీకట్ల నాలుగు తెల్ల గింజలు,
గొడుగు లైటు పట్టిన రూప్లా మోచెయ్యి.

పిల్ల తండ్రి నన్ను సూశిన సూపు
ఇయ్యాల్టికీ అడ్వాన్సు వాపసు అడుగుతనే ఉంటది.

చార్జింగు పెట్టిన, ఒట్టు.
పావుగంటకే పచ్చ లైటు ఎలిగింది,
ఎంత మంచి బ్యాటరీ, ఎంత జల్ది నిండింది అనుకున్న.
జల్ది నిండినదాన్ని అనుమానించాలని
ఈ జిల్లాల పుట్టి గూడ నాకు తోచలే.

దేవరకొండకు తిరిగొచ్చినంక
నాకొచ్చిన వైద్యమంత చేసిన.
ప్లగ్గు మార్చిన. వైరు మార్చిన.
మా బిడ్డ రబ్బరు గుంజుకొని పిన్ను రుద్దిన.
ఫ్యూజు తీసి ఎండకు పట్టి సూశిన, తీగ తెగలే.
చార్జరును పక్క స్టూడియో పెట్టెకు పెడితే
బుద్ధిమంతుని లెక్క నింపింది.
రూప్లా దాని మీద అరచెయ్యేసి
"జరమొచ్చినట్టున్నదన్నా, ఒక్క పక్కనే ఎచ్చగున్నది" అన్నడు.
నువ్వు లైటు పట్టుడు సూడు అన్న నేను.

మోటర్ల అంజిలయ్య కాడికి పోయినం.
ముప్పై ఏండ్లు బోర్లల్లకెల్లి మోటర్లు గుంజి
కాయిలు సుట్టిన మనిషి,
ఇప్పుడు చేతులు ఊకోక స్కూటర్ల బ్యాటరీలు ఇప్పుతుండు.
మీటరు పెట్టి "పదిహేనున్నర" అన్నడు,
"నిండితే పదహారు దాటాలె."
"పచ్చ లైటొచ్చింది గద!"
"వచ్చింది. ఎవనికొచ్చింది?"

కారు బుగ్గ ఒకటి తెచ్చి తగిలిచ్చిండు.
పదిహేను, పద్నాలుగు, పన్నెండు,
ధగ్గున ఎలిగింది, తటాలున ఆరింది.
"కొత్త బోరు యాదికున్నదా?
పది నిమిషాలు దబదబ పోస్తది, ఇంటిల్లిపాది నవ్వుతరు,
పదకొండో నిమిషానికి దగ్గు మొదలువెడ్తది.
ఊకె సూస్తె అన్ని నిండుగనే కానొస్తయ్ బిడ్డా,
లోడు మీద సూడాలె."

టేపు కోసి మూత తీసిండు.
పన్నెండు సెల్లులు, మూడేసి చొప్పున నాలుగు జట్లు.
"ఇగో, ఈ మూడో జట్టు. దీని కడుపు ఎండి చిన్నగైంది.
అందరికన్న ముందు దీనికే నిండుతది,
నిండంగనే ఈ పచ్చ పలక కరెంటు ఆపుతది.
తక్కిన తొమ్మిది సగమాకలితోనే పండుకుంటయ్.
వాడేటప్పుడు ముందు ఎండేది గూడ ఇదే.
మళ్ల బందు."
"పలక పీకేస్తె?"
"అంటుకుంటది" అని నవ్విండు.
"అది దొంగ గాదు, కావలోడు."

మూడు తీసి మూడేసిండు.
ఏసుడు చిన్నపనే, కలుపుడే పెద్ద పని.
కొత్తవాటిని పాతవాటిని ఏరువడ నింపి
అన్నిటిని ఒక్క మట్టానికి తెచ్చేసరికి
కోళ్లు కూశినయ్.
రూప్లా బల్లకింద పండుకున్నడు,
నిద్రల గూడ వాని పిడికిలి
స్టాండు రాడు పట్టుకున్నట్టే ఉన్నది.

తీసిన మూడింటిని పారేస్తడనుకున్న.
ఒక చిన్న బుగ్గకు అతికి
కడవల మీద మేకుకు తగిలిచ్చిండు,
రాత్రిపూట ఆమె లేస్తె నీళ్లు కానరావాలెనట.
"చిన్న కడుపుకు చిన్న ముద్ద."
పైసలు మాత్రం మూడింటివీ పూరా తీసుకున్నడు.

మల్లేపల్లి రిసెప్షన్‌ల ఆరువందల ఫ్లాషులు,
ఒక్క దగ్గు లేదు.
ఆ చీకటి ఫోటో ఇంకా కార్డులనే ఉన్నది,
తుడుద్దామని నొక్కి, ఆగి, ఉంచిన.

ఇప్పుడు పచ్చ లైటు ఎలిగితే నమ్మ.
అరచెయ్యేసి సూస్త, ఎటు పక్క ఎచ్చగున్నదోనని.
మంటపం కాడ, లైటు ఎత్తేముందు
రూప్లాను అడుగుత, తిన్నవారా?

తిన్ననన్నా అంటడు.
మస్తు జల్ది అంటడు.