కొసరు

నరసన్నపేటలో, కోమర్తి రోడ్డు మీద
రైసుమిల్లు వేబ్రిడ్జి గది.
లారీ ఎక్కగానే అంకె వెలగాలి.
మూడు రాత్రులుగా రెండుంబావుకి
అంకె లేదు, తెరంతా నీలం.
బయట హారన్లు, తవుడు వాసన,
కిటికీలోంచి లోలుగు దాలినాయుడి తలపాగా:
"ఏటమ్మా, నీ పెట్టి మళ్లీ తొంగుందేటి?"

తెరిచి చదివాను.
నెట్‌వర్క్ కార్డు డ్రైవరు, పదకొండు వందల నలభై లైన్లు.
పద్నాలుగేళ్ల కిందట ఎవరో, ఎక్కడో,
బహుశా భోజనం చల్లారిపోతుంటే రాసింది.
ఒక చోట తనకు తానే చెప్పుకున్నాడు:
తర్వాత సరిచూడాలి.
ఆ తర్వాత రాలేదు.

తీగ మీద వచ్చే ప్రతి మూటా
నెత్తిన తన పొడవు తానే రాసుకొని వస్తుంది.
డ్రైవరు ఆ అంకె చూసి, తలూపి,
అన్ని బైట్లూ కుంచంలో పోస్తుంది.
కుంచం పట్టేది రెండువేల నలభై ఎనిమిది.
మూట చెప్పింది మూడువేలు.
పోసింది మూడువేలు.

పొంగినవి నేల మీద పడితే ఊడ్చుకోవచ్చు.
మెమరీలో నేల ఉండదు.
ఆనుకునే ఇంకొకరి సామాను ఉంటుంది,
పనయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో
రాసి పెట్టుకున్న చీటీ ఉంటుంది.
గింజలు ఆ చీటీ మీద పడ్డాయి.

మా పెట్టెను పడగొట్టింది గేటు దగ్గరి చవక కెమెరా,
మంచుకి తడిసి పిచ్చి గింజలు విసిరేది.
కానీ గింజల్ని వరస తప్పకుండా పేర్చి
చీటీ మీద తన ఇంటి గుర్తులు పడేలా
పోయగలిగినవాడు ఒకడుంటే?
యంత్రం బుద్ధిగా అక్కడికే పోతుంది,
మొలలో తాళాల గుత్తితో సహా.

తెల్లారగట్ల టీ తాగుతూ దాలినాయుడికి చెప్పాను,
చెప్పగలిగినంత.
వేబ్రిడ్జి రాకముందు ఆయన కళ్లాల్లో కొలిచేవాడు.
ఒకటి అనడు, లాభం అంటాడు.
ఏడు అనడు, ఆరున్నొకటి అంటాడు.
గ్లాసు దించి నన్ను వింతగా చూశాడు.
"బస్తా ఓడు సెప్పీసినాడని పోసీసినాడా?
మరింక కుంచం ఎందుకూ?
అంచు తగిల్తే సెయ్యి ఆగిపోవాల.
కొసరంటావా, గుప్పెడు.
అదీ నానెయ్యాల గానీ, ఆడేసుకుంటాడేటి?"

రాసి పంపాను.
జవాబు వచ్చింది: నిజమే, దిద్దుతున్నాం,
అంతవరకూ ఎవరికీ చెప్పకండి.

నలభై రెండు రోజులు
నోట్లో నువ్వుగింజ నానబెట్టుకుని ఊళ్లో తిరిగాను.
పాలకేంద్రంలో అదే కార్డు.
రిజిస్ట్రారు ఆఫీసులో, దుమ్ము కింద, అదే కార్డు.
స్కానింగ్ సెంటర్లో వదినతో వెళ్లి కూచుంటే
గోడవార అదే పచ్చదీపం కొట్టుకుంటోంది.
బల్ల మీద పడుకున్న ఎవరో అమ్మాయి,
కడుపు మీద జెల్లు ఆరకుండానే,
నన్ను నర్సు అనుకుని నవ్వింది.
నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను.

నలభై మూడో రోజు దిద్దుబాటు వచ్చింది.
మూడు లైన్లు.
పొడవు కుంచాన్ని మించితే మూటను పారెయ్యి.
అంతే. దీనికా నేను నిద్ర మానింది అనిపించింది,
తర్వాత సిగ్గేసింది.

మిల్లులో ఎక్కించాను. రెండుంబావు దాటింది,
అంకె వెలుగుతూనే ఉంది.
పాలకేంద్రంలో ఎక్కించి
మజ్జిగ ప్యాకెట్టు పుచ్చుకున్నాను.
రిజిస్ట్రారు ఆఫీసులో
పైనుంచి కాగితం రావాలన్నారు.
స్కానింగ్ సెంటరుకి ఆదివారం, తాళం.

అద్దానికి నుదురానించి చూస్తే
లోపల చీకట్లో పచ్చదీపం,
ఎవరి మూటలో అందుకుంటూ, తలూపుతూ.
ఊరికే లెక్కపెట్టాను.
లాభం, రెండు, మూడు,
నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొకటి.