వయసు గడి

కరెంటు పోయింది. జిరాక్స్ మిషిను ఇంకా వెచ్చగనే ఉంది.
దాని కింద పండుకున్న జొన్న
ఒక్క చెవి లేపి, మళ్ళ దించింది.

ఇద్దయ్య కొడుకు ఇచ్చిపోయిన ఫారం గల్ల మీద ఉంది.
"అక్కా, ఏడాదికి నాలుగు వేల రెండొందలే.
ఆపరేషనైనా, దవాఖాన్ల పండవెట్టినా వాళ్ళే కడ్తరు" అని
జొన్న తల నిమరబోయి,
అది పండ్లు చూపంగనె
చెయ్యి జేబుల పెట్టుకున్నడు.

దేవరకొండల పద్దెనిమిదేండ్లుగ ఫారాలు నింపుడే నా బతుకు.
పత్తికి బీమా, గొర్లకు బీమా, ఆటోకు బీమా.
నా పెన్నుకు తెల్వని నష్టం లేదు ఈ తాలూకల.
పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ నడుమ
మనుషులు యాడ జారిపడ్తరో నాకెరుక.

పేరు: జొన్న.
మాడిన జొన్నరొట్టె రంగు అని రాయనీకి జాగ లేదు.
జాతి: ఇచ్చిన పేర్లల్ల మాది లేదు.
"ఇతరములు" కాడ టిక్కు.
మార్కెటు విలువ:
ఇక్కడ పెన్ను ఆగింది.
దీన్ని నేను కొనలేదు.
డిండి బస్సు కిందికెల్లి కండక్టరు గుంజి
నా మెట్ల మీద పెట్టి పోయిండు,
టికెట్టు కొట్టకుంట.

పాడైన జిరాక్స్ కాగితం వెనుక లెక్క రాసిన.
పోయినేడు నెత్తురు విరేచనాలు.
పశువుల దవాఖాన్ల డాక్టరు లీవుల ఉన్నడు.
కంపౌండరు జాంగీరు
"బర్రెనైతె నేనే చూస్త. కుక్కనైతె నల్లగొండకు తీస్కపో" అన్నడు.
ఆటోకు పన్నెండొందలు.
సెలైన్లు, సూదులు, ఐదు దినాలు: ఆరు వేల ఎనిమిదొందలు.
బెంచీ మీద నేను తిన్న అరటిపండ్లు లెక్కల్లేవు.
మొత్తం ఎనిమిది వేలు.
అంటె రెండేండ్లకొకపారి
అది సావు దాక పోయొస్తెనే పాలసీ గిట్టుబాటు.
గిట్టుబాటు కావద్దని మొక్కుకుంట కట్టాలె.
ఇదేం బేరమో!
కట్టిన పైసలు మునిగితెనే మనం తేలినట్టు.

రెండో పేజీ కింద చీమల బారు:
మొదటి నెలల రోగమొస్తె లేదు.
పాత రోగానికి లేదు.
టీకా కార్డు లేకుంటె లేదు.
ఏడేండ్లు దాటితె అసలే లేదు.

వయసు:

జొన్న వయసు నాకెరుక లేదు, దానికీ ఎరుక లేదు.
మూతి మీద తెల్లబడ్డ వెంట్రుకలకు ఎరుక.
ఎనిమిదో, తొమ్మిదో.
ఆరని రాస్తె ఎవరడుగుతరు?
"పింఛనొస్తది, రెండేండ్లు కలుపు బిడ్డా" అంటె
ఎంతమందికి కలిపిందో ఈ చెయ్యి.

మా మామకు మాత్రం కలపలేదు, తియ్యలేదు.
పుట్టిన తేది జనవరి ఒకటి అని నింపిన.
బడికి పోనోళ్ళందరు ఆ దినమే పుడ్తరు గద.
ఆయన కట్టిన బీమాకు యాభై తొమ్మిది దాటొద్దు.
ఫిబ్రవరిల పోయిండు,
నలభై దినాలు ఎక్కువ బతికి.
జూలై ఒకటని రాసుంటె!
అత్త ఒక్క మాట అనలేదు.
ఇప్పటికీ అనదు.
జనవరి ఒకటి నాడు క్యాలెండరు మాత్రం
తనే మారుస్తది, నన్ను ముట్టనియ్యదు.

ఆరు రాయనీకి పెన్ను వంచిన.
సున్నకు పైన తోక పెడితె ఆరు, అంతే.
జొన్న నా దిక్కు చూస్తలేదు.
చూసుంటె ఏమో.

ఎనిమిది రాసిన.
రాయంగనె ఫారం సచ్చింది.
అయినా నింపుడు అలవాటు, ఆగలేదు.
పుట్టిన తేది: జనవరి ఒకటి.
ఇది సుత బడికి పోలేదు.

పొద్దటి వసూలు మూడొందల నలభై.
అండ్ల వంద తీసి ఖాళీ టోనరు డబ్బల వేసిన.
రేపు టీకా సూది, మూడొందల యాభై.
డబ్బ నిండేదాక దీనికేం కావద్దు.
నాకూ కావద్దు. నాకు సుత బీమా లేదు,
అది ఇప్పుడే యాదికొచ్చింది.

కరెంటొచ్చింది. మిషిను గుర్రుమన్నది.
జొన్న లేచి
దాని మీద వాపసు గుర్రుమన్నది.