బాకీ పెంకులు

మా సందులో నిలబడి "మరియా" అని కేకేస్తే
నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి,
ఐదో ఇంట్లో ఉయ్యాల్లోది ఏడుస్తుంది.
యెరూషలేములో ఆడపిల్ల పుడితే
పేరు కోసం తల బద్దలు కొట్టుకునేవాళ్ళు లేరు.

నాకు అక్షరం రాదు.
బోళం, అగరు, జీలకర్ర, ఏది అరువిచ్చినా
పగిలిన కుండ పెంకు మీద బొగ్గుతో బొమ్మ గీసి
గూట్లో పెడతాను.

మేడ ఉన్న మరియకి తలుపు.
ఆమె రాదు. పనిపిల్ల పరుగున వచ్చి
సగం సరుకు మరిచిపోయి పోతుంది.
బేతనియ మరియకి బుడ్డి:
అచ్చ జటామాంసి, ఏడాది కూలి ఖరీదు,
బేరమాడలేదు. అక్కతో అనొద్దంది.
మగ్దల మరియకి చేప.
ఆ ఊరి ఉప్పుచేపల వాసన ఆమె చెంగుని వదలదు.
డబ్బు ఎంచి చేతిలో పెడుతుంది, పెంకే అక్కర్లేదు,
అయినా గీశాను.

యాకోబు తల్లి అని ఒకామె, క్లోపా భార్య అని ఒకామె,
ఇద్దరో ఒక్కరో ఈనాటికీ తేలలేదు.
రెండు బాకీలూ ఒక చెయ్యే తీర్చింది.

సిలువ మీద పోయినాయన తల్లి పేరూ అదే.
ఆమెకి పెంకు లేదు.
కొడుకు ఒంటికి పూసేది కొనుక్కు రమ్మని
ఏ తల్లిని పంపుతారు?

సబ్బాతు దాటిన సాయంత్రం
చేప మరియ వెనకాల, దీపానికి అవతల, ఒకామె.
"ఏ మరియవమ్మా?"
"ఇంకో మరియని" అంది,
అంతకన్నా చెప్పుకునే తీరిక లేనట్టు.
ఏం గీయాలో తోచక ఒట్టి గీత గీశాను.

తెల్లారి పొద్దెక్కకుండానే ఆమే వచ్చింది.
మూట విప్పనే లేదు.
"అక్కర్లేకపోయింది."
రొప్పుతోంది. ఏడుపో నవ్వో తెలియలేదు.
అమ్మిన సరుకు వెనక్కి తీసుకోకూడదు,
మా ఆయన ఉన్ననాటి కట్టు అది.
తీసుకున్నాను.
ముడి విప్పడానికి నా వేళ్ళు తికమకపడ్డాయి,
అన్నీ ఎడమకి తిప్పి బిగించిన ముళ్ళు.

పస్కా వెళ్ళిన నెలకి మా అక్క కొడుకు యోయెజెరు,
చదువుకున్నవాడు, గూడు సర్దాడు.
బొమ్మలన్నీ తడిగుడ్డతో తుడిచి
ముత్యాల్లాంటి అక్షరాలు పెట్టాడు.
"చూడు పిన్నీ, ఎంత శుభ్రంగా ఉందో!"
ఆరు పెంకులు.
ఆరింటి మీదా ఒకటే పేరట.

ఇప్పుడు అంగడి ముందు కూర్చున్నవాళ్ళు
బుడ్డినీ చేపనీ ఒకే మనిషిని చేసి
కన్నీళ్ళు పెట్టుకుంటూ చెప్పుకుంటున్నారు.
కథ చెప్పేవాళ్ళకి ఒక్క మరియ చాలు.
అరువిచ్చినదానికి చాలదు.

వాడు నిద్రపోయాక పొయ్యిలోంచి బొగ్గు తీశాను.
తలుపు. బుడ్డి. చేప.
తేలని ఇద్దరికీ చెరో చెయ్యి.
ఆరోదాని మీద ముడి,
ఎడమకి తిప్పి.

ఆమె నాకేమీ బాకీ లేదు.
ఆ పెంకు మాత్రం పారెయ్యలేదు.